జీపు స్టీరింగ్ వాబ్లింగ్: ఎక్కడ వెతకాలి, ఎలా ఆపాలి

గుత్తి నుంచి అనంతపురం వస్తున్నాం. పామిడి దగ్గర పెన్న మీది బ్రిడ్జి ఎక్కేచోట, రోడ్డుకీ బ్రిడ్జికీ మధ్య అతుకు మీద నా జిప్సీ ముందు చక్రాలు ఎగిరిపడ్డాయి. స్పీడు 75. అంతే, స్టీరింగ్ నా చేతుల్లో జల్లెడ పట్టినట్టు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది. బానెట్ ఊగిపోతోంది. పక్కన కూర్చున్న మా బావమరిది ముందున్న రాడ్డును రెండు చేతులతో పట్టుకున్నాడు. వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. బండి 35కి దిగేదాకా ఆ ఊపు ఆగలేదు.

మన మెకానిక్కులు దీన్ని వాబ్లింగ్ అంటారు. ఆ రోజు నాకు దీని గురించి ఏమీ తెలియదు. ఆ తర్వాత రెండు నెలలు బండి కింద పడుకుని నేర్చుకున్నదీ, అనంతపురంలో ఒక పాత జీపుల భాయ్ నా చెయ్యి పట్టి చూపించిందీ ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గర జిప్సీ ఉన్నా, పాత మహీంద్రా జీపు ఉన్నా, జిమ్నీ, రాంగ్లర్ లాంటివి ఉన్నా ఇది మీకు పనికొస్తుంది. వీటన్నిటికీ ముందు చక్రాల మధ్య ఒకే గట్టి యాక్సిల్ ఉంటుంది. ఒక చక్రం ఊగితే ఆ ఊపు యాక్సిల్ ద్వారా, రెండు చక్రాల స్టీరింగును కలిపే టై రాడ్ ద్వారా రెండోదానికి పాకుతుంది, అది తిరిగి మొదటిదాన్ని ఊపుతుంది. 2020 తర్వాతి థార్‌లో ముందు చక్రాలు దేనికదే విడిగా ఆడతాయి కాబట్టి ఈ రోగం ఇంత తీవ్రంగా రాదు. దాని స్టీరింగ్ వణికితే మొదట టైర్లూ, బాల్ జాయింట్లూ, డిస్కులూ చూసుకోండి.

ఊపు మొదలైన క్షణంలో

దీన్ని ఇంట్లో అందరికీ, బండి నడిపే డ్రైవర్‌కీ ముందే చెప్పి పెట్టండి. ఆ టైములో ఆలోచించే తీరిక ఉండదు.

స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, కానీ బొటనవేళ్లు చక్రం లోపలికి పెట్టకండి. స్టీరింగ్ లోపలి పుల్లలు ఎదురు తిరిగి కొడితే వేలు విరగొచ్చు. ఊపుకి ఎదురు తిప్పాలని చూడకండి, బండి నేరుగా పోయేలా పట్టుకుంటే చాలు. ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీసేయండి. బ్రేకు మెల్లగా వేయండి. భయంతో ఒక్కసారిగా తొక్కితే బరువంతా ముందుకు వచ్చి ఊపు ఇంకా పెరగొచ్చు, బండి పక్కకి లాగొచ్చు. కొంతమంది ఇంకాస్త స్పీడు పెంచితే పోతుందంటారు. ఆ మాట వినకండి. మామూలు వైబ్రేషన్ అలా పోవచ్చేమో గానీ వాబ్లింగ్ పోదు. స్పీడు తగ్గితేనే అది చల్లారుతుంది.

ఊపు ఆగాక ఎడమ పక్కకి తీసి ఆపి, నాలుగు ఇండికేటర్లూ కలిసి వెలిగే లైట్లు వేసి దిగండి. వీల్ నట్లు, టైర్లు, కింద రాడ్లు ఒకసారి చూడండి. నట్టు వదులైనా, ఏదైనా రాడ్డు వేలాడుతున్నా బండి అక్కడే ఉండాలి. టోయింగ్ ఖర్చు చూసుకోకండి. అన్నీ బిగువుగా ఉంటే 30, 40 దాటకుండా దగ్గరి షెడ్డుకి పోవచ్చు.

ఇంకొక సంగతి. ఒకసారి వాబ్లింగ్ వచ్చిందంటే ఆ కొద్ది సెకన్లలోనే బుష్‌లు (జాయింట్లలోని రబ్బరు గొట్టాలు) నలగొచ్చు, బోల్టు రంధ్రాలు సాగొచ్చు, రాడ్ ఎండ్లు (రాడ్ల కొసల్లోని జాయింట్లు) వదులవ్వొచ్చు. అందుకే రెండోసారి మొదటిదానికన్నా తక్కువ స్పీడులోనే రావచ్చు. ‘మళ్లీ వస్తే చూద్దాంలే’ అని వదిలేయకండి.

ఇది నిజంగా వాబ్లింగేనా?

ఒక స్పీడులో, సాధారణంగా 80 పైన, స్టీరింగ్ సన్నగా గరగరలాడి, ఆ స్పీడు దాటగానే తగ్గిపోతే అది టైరు బ్యాలెన్సింగ్. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే ఊగితే డిస్కు లేదా డ్రమ్ము. గుంతలోనో, అతుకు మీదో ఒక దెబ్బ తగిలాక మొదలై, రోడ్డు సాఫీగా ఉన్నా ఆగకుండా పెరుగుతూ పోతే అది వాబ్లింగ్.

బ్యాలెన్సింగ్ సరిగా లేకపోవడం నిప్పురవ్వ లాంటిది. కింద ఎక్కడో అరిగిన భాగం ఎండుగడ్డి. రవ్వను మాత్రమే ఆర్పి వచ్చేస్తే, ఇంకో గుంత ఇంకో రవ్వ వేస్తుంది.

డాంపర్ దగ్గర మొదలుపెట్టకండి

నేను చేసిన తప్పు ఇదే. పామిడి సంగతి జరిగిన మర్నాడు ఒక షెడ్డుకి తీసుకుపోతే, స్టీరింగ్‌కి అడ్డంగా ఉండే చిన్న షాక్ అబ్జార్బర్, అదే స్టీరింగ్ డాంపర్, మార్చి పంపించారు. రెండు వారాలు బండి బాగానే పోయింది. ఆ తర్వాత మరూరు టోల్‌గేట్ దాటాక, 60లోనే మళ్లీ వచ్చింది. అప్పుడు భాయ్ దగ్గరికి పోయాను. ఆయన కింద దూరి కొత్త డాంపర్‌ను చూసి, ‘షాకు మారిస్తే రోగం పోదు నాయనా, నొప్పి తెలీకుండా పోతాదంతే’ అన్నాడు. ఆ డాంపర్‌ను విప్పి పక్కన పెట్టి పరీక్ష మొదలుపెట్టాడు. మీరూ అలాగే చేయండి. ఊపును అది అణచిపెడితే అసలు ప్లే (జాయింట్లలో ఉండకూడని వదులు) ఎక్కడుందో చేతికి అంత తేలిగ్గా దొరకదు. రిపేరంతా అయ్యాక, పాతది కారుతుంటే, చివర్లో కొత్తది వేయండి.

మొదట టైర్లు

మన ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తాడిపత్రి, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల్లో వానలో తిరిగొస్తే, ఆ మన్ను రిమ్ము లోపలి వైపు పిడికెడు అంటుకుని ఎండిపోతుంది. బయటి నుంచి కడిగితే అది పోదు. మర్నాడు హైవే ఎక్కగానే స్టీరింగ్ వణుకుతుంది. చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమి చూడండి. పెచ్చులు తగిలితే నీళ్లు కొట్టి, కట్టె పుల్లతో గీకి తీసేయండి. ఇంత చిన్న పనితో కొన్ని బండ్లు బాగైపోవడం నేను చూశాను.

తర్వాత గాలి. పెన్న ఇసుకలోనో, చిత్రావతి ఇసుకలోనో దిగేటప్పుడు గాలి తగ్గిస్తాం. తిరిగి నింపకుండానే తారురోడ్డు ఎక్కేస్తాం. కంపెనీ స్టిక్కర్ మీద ఉన్నంత గాలి, రెండు ముందు టైర్లలోనూ సమానంగా, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. టైరు పక్కన బుడ్డలు ఉన్నాయా, అరచేత్తో తడిమితే రబ్బరు కట్టలు ఎగుడుదిగుడుగా తగులుతున్నాయా చూడండి. రబ్బరు అలా ఎగుడుదిగుడుగా తగిలితే అది టైరు తప్పు కాకపోవచ్చు, కింద ఏదో వదులుగా ఉండి టైరును అలా తినేసి ఉండొచ్చు. రీట్రెడ్ చేసిన టైర్లు ముందు వేసుకోవద్దని నా గట్టి సలహా. బ్యాలెన్సింగ్ నాలుగు చక్రాలకీ చేయించండి, చక్రం తిరుగుతున్నప్పుడు రిమ్ము సొట్ట ఉందేమో పక్కన నిలబడి మీరే చూడండి.

బండి నేల మీద ఉండగానే కింద చూడటం

ఈ పరీక్షే అన్నిటికన్నా ముఖ్యం. దీనికి జాకీ అక్కర్లేదు. చక్రాల మీద బరువు ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టండి. మీకు తోడు ఒకరు స్టీరింగ్ దగ్గర కూర్చోవాలి. గడియారంలో పదికీ రెండుకీ మధ్య ఎంత దూరమో అంత మాత్రమే, చకచకా, అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి, కూర్చున్నవాళ్లు దాన్ని తాకకూడదు.

మీరు టార్చి పట్టుకుని కింద పడుకోండి. స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పితే కింది రాడ్లను కదిపే పెట్టె) దగ్గర మొదలుపెట్టి చక్రం దాకా, రాడ్డు వెంట ఒక్కో జాయింట్ చూస్తూ రండి. కంటితో కన్నా వేలితో త్వరగా తెలుస్తుంది. జాయింట్‌కి రెండు వైపులా ఆనేలా ఒక వేలు అడ్డంగా పెట్టండి. రెండు భాగాలు ఒకేసారి కదలాలి. ఒకటి ముందు కదిలి, రెండోది తర్వాత ‘టక్’మని కదిలితే అక్కడే ప్లే ఉంది.

బాక్స్‌ను ఛాసిస్‌కి బిగించిన బోల్టులు చూడండి. బాక్సే కదులుతుంటే బోల్టు బిగించి ఊరుకోకండి, చుట్టూ ఛాసిస్ మీద వెంట్రుకంత చీలిక ఉందేమో తుడిచి చూడండి. గతుకుల దారుల్లో తిరిగిన పాత జీపుల్లో అది మామూలే. తర్వాత బాక్స్ నుంచి వచ్చే చెయ్యి లాంటి పిట్‌మన్ ఆర్మ్ నట్టు, దాన్నుంచి చక్రం వైపు పోయే డ్రాగ్ లింక్ రెండు కొసలు, టై రాడ్ ఎండ్లు. రాడ్ ఎండ్ కాస్త మెలి తిరిగితే పర్వాలేదు, పైకీ కిందికీ గానీ పక్కకి గానీ ఆడితే మార్చాల్సిందే. రబ్బరు బూటు చిరిగి మట్టి దూరినదాన్ని ఇప్పుడు ఆడకపోయినా మార్చేయండి. నట్టుకి స్ప్లిట్ పిన్ ఉండాలి. పిన్ను బదులు తీగ కట్టి వదిలేసిన బండ్లు మన ఊళ్లలో ఇంకా కనిపిస్తున్నాయి. ఆ తీగ చూస్తే నాకు భయమేస్తుంది.

జిమ్నీ, రాంగ్లర్ లాంటి కాయిల్ స్ప్రింగ్ బండ్లలో యాక్సిల్‌ను పక్కకి జరగకుండా పట్టే అడ్డ రాడ్డు ఉంటుంది. పాన్‌హార్డ్ రాడ్ అనో ట్రాక్ బార్ అనో అంటారు. ఆ బండ్లలో నా అనుమానమంతా ముందు దీని మీదే. స్టీరింగ్ ఊపుతున్నప్పుడు దాని కొసలు బ్రాకెట్‌లో జరగకూడదు. బోల్టు విప్పి చూస్తే రంధ్రం గుండ్రంగా ఉండాలి. కోడిగుడ్డులా సాగి ఉంటే ఎంత బిగించినా నిలవదు, బ్రాకెట్‌కి వెల్డింగ్ చేయించి, సరైన సైజు బోల్టు వేయించాల్సిందే.

జిప్సీకీ పాత జీపులకీ ఆ రాడ్డు ఉండదు. యాక్సిల్‌ను పట్టి ఉంచేది కమాను కట్టలే (లీఫ్ స్ప్రింగులే). అందుకని కమానును యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు, సెంటర్ బోల్టు, కమాను కొసను ఛాసిస్‌కి తగిలించే షాకిల్స్, కమాను బుష్‌లు అంత జాగ్రత్తగానూ చూడండి. ఇనుప రాడ్డుతో కమాను కొసను పక్కకి మీటండి. బుష్ నలిగి ఉంటే కమాను షాకిల్‌లో కదలడం స్పష్టంగా కనిపిస్తుంది.

జాకీ వేశాక

ముందుగా ఒక హెచ్చరిక. మన వైపు బండి కింద నాపరాళ్లు, కడప బండలు దొంతర పెట్టి పైన నిలబెట్టే అలవాటు ఉంది. ఆ రాయి పొరలు పొరలుగా చీలుతుంది. బరువు పడగానే ఒక్క చప్పుడుతో పగులుతుంది. ఇనుప స్టాండ్లు లేకుండా, జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద తల పెట్టకండి.

చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి లోపలికీ బయటికీ ఊపండి. ప్లే తగిలిందనుకోండి, అది వీల్ బేరింగ్‌దా, కింగ్ పిన్‌దా (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకి తిరిగే నిలువు పిన్)? తోడున్నవాళ్లని బ్రేకు గట్టిగా తొక్కమని చెప్పి మళ్లీ ఊపండి. ప్లే మాయమైతే వీల్ బేరింగ్. అలాగే ఉంటే కింగ్ పిన్, రాంగ్లర్ లాంటి బండ్లలో అయితే బాల్ జాయింట్. ఇంత తేలికైన పరీక్ష చేయకుండానే బేరింగ్ సెట్టులు మార్చి బిల్లులు కట్టినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇప్పుడు నా జిప్సీలో దొరికింది చెప్తాను. చక్రం ఊపితే ప్లే పెద్దగా లేదు. భాయ్ టై రాడ్ విప్పి, చక్రాన్ని నా చేతికిచ్చి మెల్లగా తిప్పమన్నాడు. నేరుగా ఉండే చోటికి రాగానే అది గాడిలో పడ్డట్టు ఆగింది. కింగ్ పిన్ విప్పి కింది బేరింగ్ కప్పును కిరోసిన్‌తో కడిగాడు. ‘గోరుతో రుద్ది చూడు’ అన్నాడు. వరసగా సన్నటి గాట్లు గోటికి తగులుతున్నాయి. కింగ్ పిన్ బేరింగ్ చక్రంలా పూర్తిగా తిరగదు, ఎప్పుడూ కొద్ది మేరలోనే అటూ ఇటూ ఆడుతుంది. ఏళ్ల తరబడి పడే దెబ్బలన్నీ రోలర్లు ఉన్నచోటే పడి కప్పు మీద అచ్చులు పడతాయి. లోపలి గ్రీజు కూడా గోధుమరంగులోకి తిరిగి ఉంది. ఎప్పుడో వాగు దాటినప్పుడు సీలు చిరిగి నీళ్లు దిగాయన్నమాట.

బేరింగ్ మార్చడంతో పని అయిపోదు. బిగువు సరిగ్గా కుదరాలి. కింగ్ పిన్ పైన పలచటి షిమ్‌లు (ఇనుప రేకులు) ఉంటాయి. ఒక షిమ్ తీస్తే బేరింగ్ మీద ఒత్తిడి పెరుగుతుంది, వేస్తే తగ్గుతుంది. టై రాడ్ విప్పి ఉండగా, నకిల్ (కింగ్ పిన్ మీద తిరుగుతూ చక్రాన్ని మోసే భాగం) కొసకి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి, ఎన్ని కిలోల దగ్గర కదులుతుందో చూస్తారు. మీ బండి మాన్యువల్‌లో ఆ అంకె ఉంటుంది. త్రాసు లేకుండా చేతి అంచనాతో బిగించే మెకానిక్ దగ్గర ఈ పని చేయించకండి. వదులైతే వాబ్లింగ్ మళ్లీ వస్తుంది, మరీ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ నేరుగా రాదు.

బుష్ బోల్టు ఎప్పుడు బిగించాలి

చాలా షెడ్లలో జరిగే తప్పు ఇది. బండి గాల్లో ఉండగానే పాన్‌హార్డ్, కమాను బుష్‌ల బోల్టులు బిగించేస్తారు. తర్వాత బండి కిందికి దిగగానే లోపలి రబ్బరు మెలిపడి, ఎప్పుడూ అదే మెలికలో ఉండి, కొన్నాళ్లకే చిరుగుతుంది. గాల్లో బోల్టు తొడిగి వదిలేయమనండి. చక్రాలు నేల మీద ఆనాక, బండిని రెండుసార్లు కిందికి తొక్కి, అప్పుడు టార్క్ పానాతో (ఎంత బలంతో బిగించామో చూపే పానా) బిగించమనండి. దగ్గరుండి చూసుకోండి.

టో, కాస్టర్

వదులు భాగాలన్నీ మార్చాకే అలైన్‌మెంట్‌కి పోండి. వదులు ఉండగా చేయించిన అలైన్‌మెంట్ గేటు దాటేలోపే మారిపోతుంది. టో అంటే రెండు చక్రాలు ముందు వైపు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది. దాన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. ముందు టైర్లు రెండిటి మీదా, ఒక్కో టైరు నడి భాగంలో, యాక్సిల్ ఎత్తులో, ముందు వైపు చాక్‌పీసుతో గీత పెట్టి, గీతకీ గీతకీ దూరం టేపుతో కొలవండి. బండిని మెల్లగా ముందుకు నెట్టి అవే గీతలు వెనక వైపు అదే ఎత్తుకి వచ్చాక మళ్లీ కొలవండి. ముందు దూరం కొద్దిగా తక్కువ రావాలి. పాత విల్లీస్ జీపులకి ఆ తేడా సుమారు 1 నుంచి 2.5 మిల్లీమీటర్లు, కాస్టర్ 3 డిగ్రీలు. మీ బండి అంకెలు మీ మాన్యువల్‌లో చూసుకోండి.

కాస్టర్ అంటే కింగ్ పిన్ పై కొస కాస్త వెనక్కి వాలి ఉండటం. సైకిల్ ముందు ఫోర్కు వాలి ఉంటుంది కదా, అదే. ఆ వాలు వల్లే చక్రం తనంతట తాను నేరుగా వస్తుంది. బండి ఎత్తు పెంచితే దెబ్బ ముందు ఇక్కడే పడుతుంది. జిమ్నీకి 50 మిల్లీమీటర్ల లిఫ్ట్ వేస్తే యాక్సిల్ ముందుకు తిరిగి కాస్టర్ తగ్గుతుంది, పాన్‌హార్డ్ రాడ్ యాక్సిల్‌ను ఒక పక్కకి లాగుతుంది. జీపులకి పొడవు షాకిల్స్ వేసినా యాక్సిల్ వాలు మారుతుంది. లిఫ్ట్ వేసేవాడు కాస్టర్ సరిచేసే బుష్‌ల గురించీ, కమానుకీ యాక్సిల్‌కీ మధ్య పెట్టే వాలు ముక్కల (వెడ్జ్‌ల) గురించీ మాట్లాడకపోతే ఆ పని అతనికి ఇవ్వకండి. చక్రాలు బయటికి జరగడానికి వేసే స్పేసర్లు, వెడల్పాటి పెద్ద టైర్లు కూడా స్టీరింగ్ జాయింట్ల మీద బలం పెంచుతాయి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్సు దగ్గర ఆ టైర్లే అడ్డం రావచ్చు.

రోడ్డు మీద పరీక్ష, ఆ తర్వాత

మొదటిసారి హైవే ఎక్కకండి. ఖాళీ రోడ్డు చూసుకుని 40, 50, 60 అంటూ మెల్లగా పెంచండి. ప్రతి స్పీడులోనూ ఒక చిన్న అతుకు మీద పోనివ్వండి. స్టీరింగ్ ఒక్కసారి కదిలి ఆగిపోవాలి. రెండు మూడు ఊపులు మిగిలినా పని పూర్తి కాలేదనే అర్థం, వెనక్కి తీసుకురండి.

ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, పాన్‌హార్డ్ బోల్టులు మళ్లీ టార్క్ చూడండి. వాగు దాటినా, బురదలో దిగినా ఇంటికొచ్చాక గ్రీజు గన్ను పెట్టే మొన (నిపుల్) ఉన్న జాయింట్లకి గ్రీజు పట్టించండి. పాత నీళ్ల గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా గన్ను నొక్కండి.

భాయ్ నేర్పిన ఒక పని నేను ఇప్పటికీ మానలేదు. బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్కన ఇనుము మీదా కలిపి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీస్తాను. నట్టు తిరిగితే గీత తప్పుతుంది, పానా లేకుండానే టార్చి వెలుగులో తెలిసిపోతుంది. మొన్న గండికోట పోయొచ్చిన రాత్రి కింద దూరి చూస్తే కుడి ముందు షాకిల్ మీద గీత రవ్వంత పక్కకి జరిగి ఉంది. పొద్దున్నే కొత్త లాక్ నట్టు తెచ్చి వేసి, మళ్లీ గీత గీశాను.